ఎవరు చూస్తారండీ?

ఆడవాళ్ళకి ఒక ప్రొఫెషనల్ వాలీబాల్ లీగ్ ఉండాలని ఎక్కడ మాట్లాడినా నాకు ఎదురయ్యే ప్రశ్న ఇదొక్కటే. "పెట్టొచ్చండీ, కాదనం. కానీ ఎవరు చూస్తారండీ?" మా గోదావరి మర్యాద ఎక్కడికి పోతుంది, కాదనడంలోనూ రెండు 'అండీ'లు ఉంటాయి. అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. కూతుళ్ళని ఇంజనీరింగ్ చదివించినవాళ్ళు, మార్చి ఎనిమిదిన మనల్ని పిలిచి శాలువా కప్పేవాళ్ళు. ఆడపిల్లలు ఆడకూడదని వాళ్ళు అనరు. ఇప్పుడు అడ్డు చెప్పేది నీతి కాదు, మార్కెట్. మార్కెట్ కాదంటే అది ఏ మనిషి నిర్ణయమూ కాదన్నట్టు, గోదావరికి వరదొచ్చినట్టు అందరూ తలవంచుకుంటారు.

సరే, ఆ లెక్కలే చూద్దాం.

2011లో ఇండియన్ వాలీ లీగ్ అని ఒకటి పెట్టారు. ఆరు జట్లు, అన్నీ మగవాళ్ళవే. అందులో ఒకటి యానాం టైగర్స్. మా గౌతమి ఒడ్డునున్న యానామే. ఒక్క ఏడాది ఆడి ఆగిపోయింది. 2019లో ప్రో వాలీబాల్ లీగ్ వచ్చింది. మళ్ళీ ఆరు జట్లు, మళ్ళీ మగవాళ్ళవే. ఫెడరేషన్‌కీ నిర్వాహకులకీ గొడవలొచ్చి అదీ ఒక్క సీజన్‌తో సరి. 2022లో ప్రైమ్ వాలీబాల్ లీగ్ పేరుతో మూడోసారి మొదలుపెట్టారు. కోవిడ్ వల్ల కొచ్చి నుంచి హైదరాబాద్‌కి మార్చి, ఆటగాళ్ళని కట్టడిలో ఉంచి మరీ ఆడించారు. అదే ఏడాది చివర హైదరాబాద్ జట్టుకి విజయ్ దేవరకొండ సహయజమాని అయ్యాడు. 2025 అక్టోబర్‌లో గచ్చిబౌలిలో నాలుగో సీజన్ పది జట్లతో జరిగింది. పదీ మగవాళ్ళవే.

అంటే మగవాళ్ళ వాలీబాల్ రెండుసార్లు పడిపోయింది. పడిన ప్రతిసారీ "నిర్వహణ సరిగా లేదు", "గొడవలొచ్చాయి" అన్నారు తప్ప "మగవాళ్ళ వాలీబాల్ ఎవరు చూస్తారండీ" అని ఒక్కరూ అనలేదు. యానాం జట్టు ఆగిపోతే కోనసీమ మగవాళ్ళకి ఆట చూపించే లక్షణం లేదని ఎవరూ తేల్చలేదు. పడి లేచే హక్కు వాళ్ళకి పుట్టుకతో ఉంది.

ఆడవాళ్ళ సంగతికొస్తే, 2016లో ప్రో కబడ్డీతో పాటు ఆడవాళ్ళకని ఒక చిన్న పోటీ పెట్టారు. మూడే జట్లు. ఫైనల్ జులై 31న హైదరాబాద్‌లోనే జరిగింది. స్టార్మ్ క్వీన్స్ ఫైర్ బర్డ్స్ మీద ఒకే ఒక్క పాయింటు తేడాతో, 24-23తో గెలిచింది. ఆటకి ఇంతకంటే ఉత్కంఠ ఏం కావాలి? మరుసటి ఏడాది ఆ పోటీ లేదు. విత్తనం నాటి, మర్నాడు తవ్వి చూసి, మొలకెత్తలేదని తీర్పు చెప్పడమంటే ఇదే.

క్రికెట్ సంగతి చూడండి. ఐపీఎల్ 2008లో వస్తే ఆడవాళ్ళ లీగ్ 2023లో వచ్చింది. మధ్యలో పదిహేనేళ్ళు. ఆ పదిహేనేళ్ళూ ఇదే ప్రశ్న. పెట్టాక ఐదు జట్లు 4,669 కోట్లకి పైగా పలికాయి. 2025 నవంబర్ 2న మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచాక, ఆ జట్టులో కడప జిల్లా పిల్ల శ్రీచరణి కూడా ఉన్నాక, ఇప్పుడందరూ "మేం ముందే అనుకున్నాం" అంటున్నారు. ఏమనుకున్నారో మాకు గుర్తుంది.

నేను పుట్టి పెరిగింది ఆత్రేయపురం. అందరికీ పూతరేకుల ఊరుగా తెలుసు. చిన్నప్పుడు మా వీధి చివర ఖాళీస్థలంలో రెండు సరుగుడు కర్రలు పాతి వల కట్టేవాళ్ళు. పొద్దువాలేసరికి మగవాళ్ళు లుంగీలు ఎగ్గట్టి దిగేవాళ్ళు. చుట్టూ మగపిల్లలు, సైకిళ్ళానించి నిలబడ్డవాళ్ళు, చుట్టలు కాలుస్తూ పెద్దవాళ్ళు. మరి మేమెక్కడ? అరుగు మీద, తలుపు చాటున, డాబా మీద ఆరేసిన బట్టలు తీసే నెపంతో. ఏ సర్వీసు ఎక్కడ పడుతుందో, ఎవరు బంతి లేపి ఇస్తే ఎవరు కొడతారో మా అమ్మకి క్షుణ్ణంగా తెలుసు. ఆవిడ ఆ స్థలంలో ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆట చూశారు. ప్రేక్షకుల లెక్కలో మాత్రం ఒక్కరూ లేరు.

బళ్ళో మాకూ ఒక జట్టుండేది. ఓణీ నడుముకి బిగించి ఆడేవాళ్ళం. పక్క ఊరితో పోటీ పెడితే చూడ్డానికి చాలామంది వచ్చారు. వాళ్ళు చూసింది బంతిని కాదు. ఆ సంగతి మాకంటే ముందు ఇళ్ళల్లో తెలిసింది. జట్టు ఆగిపోయింది. ఆ కుర్రాళ్ళకి ఆట చూడ్డం నేర్పాలని ఎవరికీ తోచలేదు, మమ్మల్ని కనపడకుండా చేయడం సులువు కనక.

స్త్రీని చూడబడే వస్తువుగా తయారుచేశారని సినిమా గురించి, ప్రకటనల గురించి మనం చాలా రాశాం. కానీ చూసే మనిషిగా స్త్రీ ఎక్కడ కూర్చుంటుంది, ఎంతసేపు కూర్చుంటుంది, ఆవిడ కూర్చుంటే ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరుంటారు అన్నది తక్కువ రాశాం. ప్రేక్షకత్వానికి తీరిక కావాలి. తీరిక ఆస్తి లాంటిది, మగవాళ్ళ పేరనే రిజిస్టరై ఉంటుంది. మా ఊళ్ళో రేకులు తీసే ఒకావిణ్ణి అడిగాను, ఆడపిల్లల వాలీబాల్ పెడితే వస్తావా అని. "రావాలనే ఉంటుంది వదినా, పొయ్యికాడ ఎవరు కూచుంటారు? మంట తగ్గితే రేకు రాదు" అంది. బోర్లించిన కుండ కింద ఎండుటాకులు ఎగదోస్తూ, పిండిలో ముంచిన గుడ్డని దానిమీద లాగి, క్షణంలో కాగితం కంటే పల్చటి రేకు తీసే చేతులవి. ఆ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మనిషికి సాయంత్రం రెండు గంటలు మాత్రం ఇంకా రాలేదు.

అన్నట్టు పూతరేకుకి గిరాకీ ఆకాశం నుంచి ఊడిపడిందా? చేతిలో పొడైపోయే మిఠాయిని ఎవరు కొంటారని ఒకప్పుడు అడిగి ఉండొచ్చు. రోడ్డు పక్క కొట్టు పెట్టారు, బస్సులు ఆగేచోట అమ్మారు, నిలవుండేలా కట్టడం నేర్చారు, పెళ్ళిళ్ళలోకి ఎక్కించారు, విదేశాలకి పంపించారు. గిరాకీ తయారుచేశారు. ఆడవాళ్ళ ఆట దగ్గరకొచ్చేసరికి మాత్రం, ముందు గిరాకీ చూపించండి, తర్వాత కొట్టు తెరుస్తాం అంటారు.

అసలు ఆడవాళ్ళు ప్రేక్షకులు కారన్నది పచ్చి అబద్ధం. తెలుగు టీవీ సీరియళ్ళు ఎవర్ని నమ్ముకుని నడుస్తున్నాయి? వాటి మధ్య సబ్బులూ నూనెలూ అమ్మేవాళ్ళు "ఎవరు చూస్తారు" అని అడగరు, వాళ్ళకి నిమిషాలతో సహా తెలుసు. కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ చూసే ప్రేక్షకురాలు మార్కెట్‌కి ముద్దు. పని ఆపి, గడప దాటి, మైదానంలో కూర్చుని ఈల వేసే ప్రేక్షకురాలంటేనే దానికి ఊహ అందదు. రాజకీయ సభలకి జనం కావాలంటే మాత్రం అందరికీ డ్వాక్రా సంఘాలు గుర్తొస్తాయి. అప్పుడు బస్సులుంటాయి, భోజనాలుంటాయి, ఎండలో నాలుగు గంటలు కూర్చోబెట్టడానికి ఎవరి సంసారమూ అడ్డురాదు. నాయకుడి ఉపన్యాసానికి పనికొచ్చిన ఆడవాళ్ళు ఆడపిల్లల ఆటకి పనికిరారా?

ఈ పత్రిక చదివేవాళ్ళకి ఇంకో సంగతి గుర్తుచేయాలి. "ఆడవాళ్ళు చదువుతారా" అన్నది కూడా ఒకప్పుడు ఇలాంటి ప్రశ్నే. 1883లో రాజమండ్రి నుంచి వీరేశలింగం సతీహితబోధిని తెచ్చేనాటికి, 1902లో ఏలూరులో హిందూసుందరి మొదలయ్యేనాటికి చదవగలిగిన స్త్రీలు ఎంతమంది? పాఠకులున్నారని పత్రికలు పెట్టలేదు, పత్రికలు పెట్టాక పాఠకులు తయారయ్యారు, వాళ్ళల్లోంచే రచయితలొచ్చారు. అరవైలూ డెబ్భైలకొచ్చేసరికి వారపత్రికలు స్త్రీల సీరియల్ నవలల మీద బతికాయి, మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాసేదాకా వచ్చింది. మనం ఈ పేజీల్లో కూర్చుని ఉండటమే ఆ ప్రశ్నకి జవాబు. మనకి దొరికిన వ్యవధి ఆటగత్తెలకి ఎందుకు దొరకదు?

వాలీబాల్‌కి ఈ వ్యవధి దొరికినచోట ఏమైందో చూడండి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు జట్టుగా ఆడిన మొదటి ఆట ఇదే, 1964 టోక్యోలో. ఆ అక్టోబర్ 23న జపాన్, సోవియట్ జట్ల మధ్య మ్యాచ్‌ని జపాన్‌లో నూటికి 66.8 ఇళ్ళల్లో టీవీలో చూశారు. గెలిచిన జపాన్ జట్టులో ఎక్కువమంది కైజుకాలోని ఒక బట్టలమిల్లు ఉద్యోగినులు. పగలు పనిచేసి రాత్రి పొద్దుపోయేదాకా సాధన చేసేవాళ్ళు. వాళ్ళ కోచ్ దైమత్సు పెట్టిన శిక్షణ ఎంత కఠినమో లోకానికంతా తెలుసు, దాన్ని ఆదర్శమని నేననను. నాకు ముఖ్యం ఆ తర్వాత జరిగింది. ఆట చూసిన గృహిణులు తామూ జట్లు కట్టారు. జపాన్‌లో దానికి 'మామాసాన్ వాలీబాల్' అనే పేరుంది. చూడ్డానికి కూర్చున్న అమ్మలు లేచి ఆడారు.

అమెరికాలోని నెబ్రాస్కాలో 2023 ఆగస్టు 30న యూనివర్సిటీ ఆడపిల్లల వాలీబాల్ మ్యాచ్ చూడ్డానికి ఫుట్‌బాల్ స్టేడియంలో 92,003 మంది కూర్చున్నారు. ఇది ఒక్కరోజు మాయ కాదు. చదువులో స్త్రీపురుష వివక్ష కూడదని 1972లో వచ్చిన చట్టం వల్ల కాలేజీలు ఆడపిల్లల జట్లకి డబ్బు పెట్టాల్సివచ్చింది. ఆ మొక్కకి యాభై ఏళ్ళు నీళ్ళు పోశారు. 2025 జనవరిలో అక్కడ ఆరు జట్లతో మొదలైన లవ్ అనే లీగ్ ముందు స్టేడియాలు వెతుక్కోలేదు. ఊరూరా చిన్నపిల్లల క్లబ్బులు నడిపి, ఆ పిల్లలూ వాళ్ళ అమ్మలూ మొదటి ప్రేక్షకులయ్యాక పెద్దవాళ్ళ లీగ్ పెట్టింది. నాకు నచ్చిన పద్ధతి ఇది.

నచ్చని పద్ధతీ ఉంది. బట్టలు తగ్గిస్తే జనం పెరుగుతారన్నది. బీచ్ వాలీబాల్ ఆడే స్త్రీలు బికినీయే వేసుకోవాలన్న ధోరణి 2012 దాకా నిబంధనల్లోనే సాగింది. 2021లో నార్వే బీచ్ హ్యాండ్‌బాల్ అమ్మాయిలు బికినీకి బదులు నిక్కర్లు వేసుకున్నందుకు 1,500 యూరోల జరిమానా పడింది. ఏం వేసుకోవాలో ఆడేవాళ్ళు తేల్చుకుంటారు, అది నిక్కరైనా, పొడుగు చేతుల చొక్కా అయినా. మా బడి గట్టుమీద నిలబడ్డ కుర్రాళ్ళకి వయసొచ్చి నిర్వాహకులైతే వాళ్ళు తయారుచేసే ప్రేక్షకులు మాకక్కర్లేదు.

జాలిపడి చూసేవాళ్ళూ వద్దు. "పాపం ఆడపిల్లలు, ఎంత బాగా ఆడుతున్నారో" అనే చప్పట్లంటే నాకు ఒళ్ళుమంట. ఆట తెలిసిన ఎవర్నైనా అడగండి. మగవాళ్ళ వల ఎత్తు 2.43 మీటర్లు, ఆడవాళ్ళది 2.24. కొట్టుడు బలమే అంతా తేల్చేయదు కాబట్టి ఆడవాళ్ళ ఆటలో బంతి గాలిలో ఎక్కువసేపుంటుంది. నేలకి జానెడు ఎత్తులో దాన్ని లేపడం, మళ్ళీ కట్టడం, మళ్ళీ లేపడం ఉంటుంది. కళ్ళప్పగించి చూడాల్సిన ఆట ఇది. సింధు అంటే ఊరూరా తెలుసు. తండ్రి రమణ 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన వాలీబాల్ జట్టులోవాడని, ఆయనకి అర్జున వచ్చిందని కూడా చాలామంది చెబుతారు. తల్లి విజయ కూడా జాతీయస్థాయిలో వాలీబాల్ ఆడిన మనిషని ఎంతమంది చెబుతారు? ఆవిడ ఆటని చూపించే తెర లేకపోయింది మరి.

ఇప్పుడు మన సంగతి. ఆడపిల్లల ఆట మీద కవితలొచ్చాయి, కథలొచ్చాయి, పరుగు స్వేచ్ఛకి ప్రతీక అయింది. ప్రతీకల్ని కాసేపు పక్కన పెట్టి, టికెట్ కొనుక్కుని వెళ్ళి కూర్చోండి. సాహిత్యసభకి వెళ్ళినట్టే వెళ్ళండి. ఎవరు గెలిచారో రాయండి, ఓడినవాళ్ళు ఎందుకు ఓడారో రాయండి. ఆ పిల్లల్లో చాలామందికి ఆటంటే స్పోర్ట్స్ కోటాలో ఒక ఉద్యోగం, ఇంటికి ఒక జీతం. హాస్టళ్ళ నుంచి, కూలి కుటుంబాల నుంచి వస్తారు. మనం చదువుకున్న ఇళ్ళవాళ్ళం వాళ్ళని దూరం నుంచి మెచ్చుకుంటే లీగ్ నడవదు. ఊళ్ళో కోర్టు ఏ పేటలో వేస్తారు, ఏ పేట ఆడవాళ్ళు అక్కడికి నిర్భయంగా రాగలరు అన్నది కూడా లీగ్ ప్రశ్నే.

ప్రేక్షకుల్ని నిజంగా తయారుచేయాలనుకునేవాళ్ళకి నా లెక్క ఇదీ. మొదటి ఏళ్ళు గచ్చిబౌలి వద్దు. రాజమండ్రి, రావులపాలెం, అమలాపురం, భీమవరం, ఏలూరు లాంటి ఊళ్ళు చాలు. ఆట రాత్రి ఎనిమిదింటికి కాదు, మధ్యాహ్నం మూడింటికి పెట్టండి. సీరియల్ వాళ్ళకి తెలిసిన వేళలు మీకెందుకు తెలియవు? 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం, కాబట్టి ఆఖరి బస్సుకి గంట ముందు ఆట ముగించండి. 2023లో క్రికెట్ లీగ్ మొదటి సీజన్‌కి ఆడవాళ్ళకి ఉచిత ప్రవేశం ఇచ్చారు, మంచిదే. కానీ తలుపు దగ్గర నీళ్ళొచ్చే మరుగుదొడ్డి లేకపోతే ఆ ఉచితం మగవాళ్ళకే ఉచితం. చంటిపిల్లల్ని పడుకోబెట్టడానికి ఒక గది ఇవ్వండి. ఆ మధ్యాహ్నం రేకులు తీసేవాళ్ళకి కూలి పోతే ఎవరిస్తారో ముందే ఆలోచించండి. మూడేళ్ళు నష్టం భరించండి, మగవాళ్ళకి ఇచ్చినన్ని అవకాశాలివ్వండి, అంతకు ముందు లెక్కలు మా మొహాన కొట్టకండి. సంక్రాంతికి కోడిపందేల బరికి రాత్రికి రాత్రి కుర్చీలూ లైట్లూ గుడారాలూ తెచ్చిన జిల్లాలివి. డబ్బు లేదంటే నమ్మడానికి మేం కొత్తవాళ్ళం కాదు.

ఇంకొక్కటి. ఆడవాళ్ళు వస్తారు కదా అని ఆటకి ముందు ముగ్గుల పోటీ పెడతామంటే మాత్రం, మేం రాం.