ముందు రేవు ఊళ్లు, ఆ తర్వాతే పడవలు

ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ అధికారులకు,

పాపికొండల నడుమ గోదావరిలో లాంచీలే కాక తెడ్డు పడవలు, కయాక్‌లు కూడా తిరగాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఇంజను మోత, స్పీకర్ల హోరు లేకుండా ఆ కొండల్ని చూసే భాగ్యం జనానికి దక్కాలి. కానీ అలాంటి దారికి మీరు ముందుగా సమకూర్చుకోవాల్సింది పడవల్ని కాదు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనుషుల్ని. ఆ మనుషులు ఏటి ఒడ్డు గిరిజన గ్రామాలవాళ్లే కావాలన్నది నా మనవి. గైడ్లుగా, వంటవాళ్లుగా పెట్టుకుంటే చాలదు. ఈ పూట పడవ నీళ్లలోకి దిగాలా వద్దా అన్న విషయంలో తమ మాట చెల్లించుకునే అధికారం వాళ్లకు ఉండాలి.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి యాభై మందికి పైగా జలసమాధి అయ్యారు. ఆ రోజు గోదావరిలో పారుతున్నది దాదాపు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేసేది 10 లక్షలకు చేరాక. అంటే హెచ్చరికల లెక్కలో అది సగం వరదే. ఆ లెక్క పెట్టింది దిగువన లంకలు మునుగుతాయా, గట్లు ఆగుతాయా అని చూసుకోవడానికి. ధవళేశ్వరం దగ్గర కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే నీరే పాపికొండల్లో రెండు కొండల మధ్య ఇరుక్కుని వడి పెంచుకుంటుంది, మలుపుల్లో సుడి తిరుగుతుంది. ఊరికి అపాయం కాని నీరు పడవకు మృత్యువు కావచ్చు. ఏ మలుపులో ఏ ఒడ్డు పట్టుకు పోవాలో అక్కడ పడవ నడిపేవాళ్లకు, వలలు వేసేవాళ్లకు తెలుసు. అది ఏ ఫైలులోనూ లేదు గనక అనుమతుల బల్ల దాకా రాదు. బోటు తిరగబడ్డాక మొదట చేరుకున్నదీ వాళ్లే. తమ పడవలు వేసుకొచ్చి, కొట్టుకుపోతున్నవాళ్లను చేయందించి లాక్కున్నారు. మునిగిన బోటును 38వ రోజున పైకి తెచ్చింది కూడా కాకినాడ నుంచి వచ్చిన, నీటి పనే బతుకైన ధర్మాడి సత్యం బృందమే, లంగర్లూ ఇనుప తాళ్లూ నమ్ముకుని. నీటితో బతికేవాళ్ల తెలివి మనకు ఎప్పుడూ శవాలు తేలాకే గుర్తుకు రావడం ఏమిటో!

కయాక్‌లు వరద కాలంలో ఎందుకు తిరుగుతాయి, శీతాకాలంలో ఏరు నిండు చెరువులా ఉన్నప్పుడు తిరుగుతాయి గాని, అని మీరు అనవచ్చు. వరదలో దింపకూడదన్నది నిజమే, కానీ నెలలు చూసుకున్నంత మాత్రాన సరిపోదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో బోటు బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు, అది వరద కాలం కాదు. 2018 మే 15న ఇదే గోదావరిలో మంటూరు దగ్గర లాంచీ మునిగింది నడి వేసవిలో. ఒక్కసారిగా విరుచుకుపడిన గాలివానకు తలుపులు, కిటికీలు మూసుకున్న లాంచీలోంచి చాలామంది బయటకు రాలేకపోయారు. ఈ రెండోదాని గురించి మరికాస్త ఆలోచించండి. అందులో ఉన్నది విహారానికి వచ్చినవాళ్లు కారు. సంతకో ఆసుపత్రికో ఆఫీసు పనికో పోవడానికి ఏరు తప్ప వేరే దారి సులువుగా దొరకని మన్యం జనం. పర్యాటకుడి దారీ వాళ్ల దారీ ఒకటే నీటి మీద ఉంటే, ఒకరికి కొత్త లైఫ్ జాకెట్టు ఇచ్చి, సిమెంటు రేవు కట్టి, ఇంకొకరిని బురదలో మోకాళ్ల దాకా దిగి లాంచీ ఎక్కమనడం న్యాయం కాదు, భద్రతా కాదు. రోజూ ఆ రేవులో ఎక్కి దిగే ఊరే దాని పలక ఊడిందో మెట్టు విరిగిందో ముందుగా చూస్తుంది.

ఈ పని లోకంలో ఎక్కడా జరగనిది కాదు. అట్లాంటా పక్కన, మనవాళ్లు వేల కుటుంబాలుగా స్థిరపడ్డ శివార్లను ఒరుసుకుంటూ పారే చట్టహూచీ నదిలో 48 మైళ్ల తెడ్డు దారిని అమెరికా ప్రభుత్వం 2012లో తన మొట్టమొదటి జాతీయ జలదారిగా ప్రకటించింది. పైన బ్యూఫర్డ్ డ్యాం ఉంది. నీరు వదిలే ముందు సైరన్లు మోగుతాయి, ఎప్పుడు వదులుతారో జనం తెలుసుకునే ఏర్పాటు ఉంది, డ్యాం కింది మొదటి భాగంలో లైఫ్ జాకెట్టు లేకుండా నీళ్లలో ఉండటం నిషేధం. అక్కడి నది కోసం పనిచేసే రివర్‌కీపర్ సంస్థ ఊరకే చెత్త ఏరి చేతులు దులుపుకోలేదు. మురుగు నీటి విషయంలో 1995లో అట్లాంటా నగరాన్నే కోర్టుకు ఈడ్చింది, 1998లో నగరం మురుగు వ్యవస్థను బాగు చేస్తానని ఒప్పందం రాసుకోవలసి వచ్చింది. డబ్బున్న దేశం సంగతి వేరు అంటారేమో. సైరనుకు కోట్లు కావు. మన దగ్గర కొరవడింది డబ్బు కాదు, ఒడ్డు మనిషి మాట నగరానికి వినిపించగల ఏర్పాటు.

గిరిజనులు ఇంత బాధ్యత మోయగలరా, శిక్షణ పొందిన సంస్థకు అప్పగిస్తే మేలు కదా అన్న మాట పైకి ఎవరూ అనకపోయినా టెండరు షరతుల్లో కనబడుతూనే ఉంటుంది. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితి ద్వారా స్థానిక గిరిజనులే అతిథిగృహాలు నడపడం మీకు తెలియనిది కాదు. ప్రాణరక్షణ, పడవ నడపడం నేర్పడానికి గోవాలో కేంద్ర ప్రభుత్వ జలక్రీడల శిక్షణ సంస్థ ఉంది. సర్టిఫికెట్టు కొన్ని వారాల్లో వస్తుంది, ఆ మలుపుల్లో నీటి మర్మం మాత్రం వారాల్లో అబ్బదు. శిక్షణకు పంపడమే తేలిక, అలాంటప్పుడు ఎవరిని పంపాలో వేరే చెప్పాలా? అసలు చిక్కు మరోచోట ఉంది. పోలవరం కాఫర్ డ్యాంతో వెనక్కి తన్నిన నీటికి దేవీపట్నం మండలంలో ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఏరు తెలిసిన కొండరెడ్లు, కోయలు చాలామంది పునరావాస కాలనీల్లో ఏటికి దూరంగా ఉన్నారు. వాళ్లు ఖాళీ చేసిన ఊళ్ల మీదుగా తెడ్డు దారి వేసి, దాని లైసెన్సు నగరం నుంచి వచ్చిన కంపెనీకి ఇస్తే అది రెండోసారి ఖాళీ చేయించడమే. లైసెన్సులో మొదటి హక్కు కాలనీల్లో ఉన్నవాళ్లతో సహా ఆ కుటుంబాల సంఘాలకే దక్కాలి.

సంపాదన సంగతికొస్తే, పేరంటాలపల్లి రేవులో లాంచీ ఆగిన కాసేపట్లో ఏం జరుగుతుందో చూడండి. ఊరివాళ్లు వెదురును సన్నగా చీరి పువ్వులుగా మలిచి అమ్ముతుంటే, లాంచీ టిక్కెట్టుకు మారు మాట్లాడని మనిషి పది రూపాయల దగ్గర గీచి గీచి బేరమాడతాడు. లాంచీ వెళ్లిపోతుంది, ప్లాస్టిక్ కప్పులు మిగులుతాయి. తెడ్డుతో వెళ్లే మనిషి వడిగా పోలేడు, రాత్రి ఎక్కడో ఒకచోట తినాలి, పడుకోవాలి. ఊరికి నాలుగు రాళ్లు మిగిలేది అక్కడ. అందుకే లాంచీల వేళలూ చిన్న పడవల వేళలూ విడదీయండి. ఇరుకు గండిలో పెద్ద లాంచీ లేపిన అల కయాక్‌ను తిప్పేయగలదు. ప్రతి టిక్కెట్టులో ఒక వాటా ఊళ్ల రేవులకూ జనం ఎక్కే లాంచీల్లో లైఫ్ జాకెట్లకూ కేటాయించండి. పడవలు ఆపే నీటిమట్టాన్ని ధవళేశ్వరం లెక్కతో కాక గండిలోనే కొలబద్ద పాతి, సరంగులతో కూర్చుని తేల్చండి. ఆ మట్టం దాటిన రోజున మంత్రిగారి అతిథులు వచ్చినా సరే, పడవ విప్పనని చెప్పిన ఊరి మనిషిని ఎవరూ బదిలీ చేయలేని విధంగా ఉత్తర్వు రాయండి.

ఇట్లు,
గోదావరి జిల్లాల పౌరుడొకడు