బొబ్బిలి వీణ బొబ్బిలిలో మోగాలి

బొబ్బిలి పట్టణ ప్రజలకు విజ్ఞప్తి



మన ఊరి పేరు చెబితే బయటివాళ్లకి గుర్తొచ్చేవి రెండే: యుద్ధం, వీణ. యుద్ధం 1757లో ముగిసింది. దానికి స్మారక స్తంభం ఉంది, బుర్రకథలున్నాయి, సినిమా కూడా ఉంది. వీణ ముగిసిపోలేదు, ఇవాళ్టికీ మన పక్కనే తయారవుతోంది. మరి దాని శబ్దం ఈ ఊళ్లో మీరు చివరిసారి ఎప్పుడు విన్నారు? రికార్డు సంగతి కాదు. మనిషి ఎదురుగా కూర్చుని మీటగా విన్నది ఎప్పుడు?

పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా పనస దుంగని తొలిచి వీణ చేస్తున్నాయి. కుండ, దండి వేరువేరుగా చేసి అతికించే పద్ధతి మిగతాచోట్ల ఉంది. మన ఏకాండి వీణ మొత్తం ఒకే దుంగలోంచి వస్తుంది. దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయినా కొనేవాళ్లు ఎక్కువగా అడిగేది సన్మాన సభల్లో శాలువాతో పాటు చేతికిచ్చే చిన్న బొమ్మ వీణనే. దాన్ని అద్దాల బీరువాలో పెట్టుకుంటారు. ఆ అమ్మకం కొన్ని ఇళ్లకి అన్నం పెడుతోంది కాబట్టి దాన్ని తప్పుపట్టం. కానీ పెద్ద వీణకి గిరాకీ రావాలంటే వాయించేవాళ్లు ఉండాలి. వాయించేవాళ్లు నిలవాలంటే వినేవాళ్లు ఉండాలి. మనం చెయ్యగలిగింది ఆ మూడోది.

అందుకు మా ప్రతిపాదన ఇది: నెలకొక ఆదివారం, ఉదయం ఆరున్నరకి, ఎనభై మందికి మించకుండా, మైకు లేకుండా ఒక వీణ కచేరీ.

మైకు లేకుండా ఏమిటని చాలామంది అడిగారు. ఈ మాటే అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. వీణలో తంత్రిని ఒకసారి మీటితే పుట్టిన నాదం వెంటనే తగ్గడం మొదలవుతుంది. వైణికుడి విద్యంతా ఆ తగ్గే నాదంలోనే ఉంటుంది. మెట్టు మీద తంత్రిని పక్కకి లాగి, ఆ ఒక్క మీటులోనే రెండు మూడు స్వరాలు పలికిస్తాడు. ఆ గమకం చివరి కొస చాలా సన్నగా ఉంటుంది. అది వినపడాలంటే మనం దగ్గరగా ఉండాలి, గది నిశ్శబ్దంగా ఉండాలి. పెళ్లి పందిట్లో ఆర్కెస్ట్రాకి సరిపెట్టిన సౌండ్ బాక్సుల్లో ఆ కొస మాయమైపోతుంది, మీటు దెబ్బ ఒక్కటే పెద్దదవుతుంది. దానికి ఆపరేటరు ఉదారంగా కలిపే ‘ఎకో’ ఒకటి!

వాద్యానికే అంటించే కాంటాక్ట్ మైకు వల్లే వీణ పెద్ద హాళ్లకి ఎక్కిందన్నది నిజమే. ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు వేలమందికి వీణ రుచి చూపించారు. వేలమంది వచ్చేచోట మైకు కావాలి. మనకి వచ్చేది ఎనభై మంది. ఎనభై మందికి మైకెందుకు? చెన్నైలో ఇప్పటికే కొన్ని బృందాలు మైకు లేని కచేరీలు నడుపుతున్నాయి.

లాభం ఇంకోటి కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్ స్పీకరు పెట్టాలంటే అనుమతి కావాలి. స్పీకరు లేని కచేరీకి ఆ కాగితంతో పని లేదు, కరెంటు పోతుందన్న బెంగా లేదు.

ఉదయం ఆరున్నర ఎందుకంటే, ఆ వేళకి ఫ్యాన్లు అక్కర్లేదు, రోడ్డు మీద లారీలూ ఆటోలూ తక్కువ. ధనుర్మాసంలో మాత్రం సెలవు. గుడి మైకులతో పోటీ మనవల్ల కాదు. గది పెద్దదిగా ఉండక్కర్లేదు. బడి హాలైనా, గ్రంథాలయమైనా, పాత మండువా ఇల్లయినా సరే. గచ్చు గదిలో శబ్దం గింగురుమంటే కింద జంపఖానాలు పరిచి, గోడలకి దుప్పట్లు కడదాం. వైణికుడు కూర్చోడానికి చెక్క బల్ల వేద్దాం. మృదంగం గట్టిగా మోగితే మైకు లేని వీణ వినపడకుండా పోతుంది కాబట్టి, తగ్గించి వాయించగలిగిన వారినే పిలవాలి. కచేరీలో సగం రాగం, తానాలకే ఇవ్వొచ్చు, వాటికి మృదంగం అవసరమే లేదు. తానం వాయించడంలో వీణని మించిన వాద్యం లేదని మా గట్టి నమ్మకం.

విద్వాంసులు ఎక్కణ్ణుంచి వస్తారు? గంట పైచిలుకు ప్రయాణంలో విజయనగరం ఉంది. అక్కడి సంగీత కళాశాల 1919లో పుట్టింది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షుడు, ద్వారం వెంకటస్వామి నాయుడు ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నారు. నూరేళ్లు దాటిన ఆ కళాశాల ఇప్పటికీ వైణికుల్ని తయారు చేస్తోంది. చదువు పూర్తయ్యాక వాళ్లలో ఎందరికి కచేరీలు దొరుకుతున్నాయి? వేదిక దొరక్కపోతే వీణ మూలకి చేరుతుంది, మనిషి వేరే ఉద్యోగంలో చేరతాడు. పెద్ద పేర్లకోసం ఎదురు చూడకుండా ముందు వాళ్లని పిలుద్దాం.

డబ్బు లెక్క దాచేదేమీ లేదు. మనిషికి 150 రూపాయలు. ఎనభై మందికి 12,000. వైణికుడికి 7,000, మృదంగానికి 3,500, ప్రయాణానికీ కాఫీకీ 1,500. స్టేజీ, ఫ్లెక్సీ, సౌండు ఖర్చుల్లేవు కాబట్టే ఇది సరిపోతుంది. చదువుకునే పిల్లలకి రుసుము లేదు. అందుకు తగ్గే మొత్తాన్ని ఊళ్లో స్తోమత ఉన్నవాళ్లు భరించాలి. సరిపడా జనం రాని నెల కూడా కళాకారుడికి చెప్పిన మొత్తం చెప్పినట్టు చేతికివ్వాలి. ‘ప్రోత్సాహం’ పేరుతో ఉచితంగా వాయించమనే అలవాటు మన సభలకి ఎప్పటినుంచో ఉంది. ఇక్కడ అది కుదరదు.

అధ్యక్షోపన్యాసం ఉండదు. జ్యోతి ప్రజ్వలన ఉండదు. శాలువా ఉండదు. ప్రజాప్రతినిధులు తప్పకుండా రావాలి, 150 రూపాయలిచ్చి జంపఖానా మీద కూర్చోవాలి. సెల్‌ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో పెట్టాలి.

ఇది కొద్దిమంది ఇళ్ల సంగీతం, మాకెందుకని కొందరంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. సభలు చాలాకాలం అలాగే నడిచాయి, వినేవాళ్లనీ అలాగే ఎంచుకున్నాయి. వీణ చేసిన వడ్రంగికి ఆ సభల్లో ఏ వరసలో చోటిచ్చారో ఎవరికి వారే గుర్తు తెచ్చుకోండి. మా కచేరీలో మొదటి వరస గొల్లపల్లి వారిది. ప్రతినెలా వాళ్లలో ఒకరు పది నిమిషాలు మాట్లాడతారు: పనస మాను ఎలా ఎంచుతారు, మైనంలో ఇరవై నాలుగు మెట్లూ ఎలా కూరుస్తారు, ఒక మెట్టు వెంట్రుకవాసి జరిగితే ఏ స్వరం పాడవుతుంది. అది విన్న పిల్లవాడికి ఆ తర్వాత వాయించే రాగం పరాయిదనిపించదు. పైగా వాయించేవారికి తన వాద్యం చేసినవాళ్లు ఎదురుగా ఉంటారు. శ్రుతి నిలవకపోయినా, మెట్టు గీరుకుంటున్నా అక్కడికక్కడే చెప్పొచ్చు. వచ్చే వీణ ఇంకా బాగా తయారవుతుంది.

ఏటా ఒక పెద్ద ఉత్సవం చేసి, నలుగురు ప్రముఖుల్ని పిలిచి, మర్నాడు పేపర్లో ఫొటో చూసుకోవడం తేలికే. దానివల్ల ఊరికి వినడం రాదు. పన్నెండు చిన్న కచేరీల డబ్బు ఒక్క పూట పందిరికి పోస్తున్నాం.

సంక్రాంతి వెళ్లిన మొదటి ఆదివారం మొదలుపెడదామని మా ఆలోచన. హాలున్నవారు హాలివ్వండి. జంపఖానాలున్నవారు అవి పంపండి. ఇంట్లో మూల పెట్టిన వీణ ఉంటే బయటికి తీసి తంత్రులు మార్పించండి. వినడానికి వచ్చేవారు ఈ కాగితం ఇచ్చినవారికి మీ పేరు, నెలకి ఎందరు వస్తారో చెప్పండి. ఎనభై పేర్లు వచ్చిన రోజే వైణికుడికి కబురు పెడతాం. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: తలుపులు సరిగ్గా ఆరున్నరకే మూసేస్తాం.

ఇట్లు,
కొందరు శ్రోతలు, బొబ్బిలి