జనాదరణ లేని జాతులు, జారవిడిచిన కథలు

ఆన్‌లైను ఆట యనిన మాత్రమున మన నెల్లూరు సీమ తల్లిదండ్రులకు స్ఫురించునవి రెండే: పచ్చని సంసారములను అప్పుల పాలు చేసిన రమ్మీ యొకటి, 2020 సెప్టెంబరులో నిషేధింపబడి, మరుసటి యేడు పేరు మార్చుకొని మరల వచ్చిన తుపాకుల ఆట వేరొకటి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము పందెపుటాటలను ఒక గాటను, పందెము లేని ఆటలను వేరొక గాటను కట్టి ఈ గందరగోళమును కొంత తీర్చినది. ఆ రెండవ గాటనున్న వానిలో సాహిత్యప్రియులు తొంగిచూడదగిన దొకటి కలదను సంగతి మాత్రము మన పత్రికలకు ఇంకను పట్టినట్లు లేదు.

అది ఊహాలోకపు ఆట. రచయితలును చిత్రకారులును కూడి ఒక ప్రపంచమును, దాని పర్వతములను, రాజవంశములను, పురావృత్తమును కల్పింతురు. నానాదేశముల జనులు వేలకొలదిగా ఏకకాలమున ఆ ప్రపంచమును ప్రవేశించి, ఒక్కొక్కరు ఒక్కొక్క జాతిని ఎన్నుకొని, ఆ జాతిరూపముననే సంవత్సరముల తరబడి సంచరింతురు. త్రోవలో ఎదురైన గ్రామపెద్దయో, గాయపడిన సైనికుడో ఒప్పగించు కార్యమునకు క్వెస్టు అని పేరు. ఆ లోకపు పురాణమంతయు ఆటగానికి ఈ క్వెస్టుల మూలముననే కొంచెము కొంచెముగ తెలియవచ్చును. 2004 నవంబరులో బ్లిజార్డు సంస్థ వెలువరించిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఈ కోవకు చెందిన ఆటలలో పెద్దన్న వంటిది. అందు అలయన్సు, హోర్డు అని రెండు పక్షములు. మొదట పక్షమునకు నాలుగేసి జాతులు. తరువాతి కాలమున చేరినవి అనేకములు.

ఈ జాతులలో దేనికెంత ఆదరణ యను ప్రశ్న ఆటగాండ్రలో ఎన్నడును చల్లారని వివాదము. బహిరంగముగ కనబడు పాత్రల పట్టికలను అభిమానులు లెక్కించినపుడెల్ల అగ్రస్థానములలో నిలుచునవి మానవులును, సుందరాంగులైన ఎల్ఫు జాతులును. పట్టిక అడుగున కనబడునవి గ్నోములు మొదలైన మరుగుజ్జు జాతులు; తోడేలు ముఖములవారును ఆ అగ్రజాతులకు చాల వెనుకనే. దీనికి సౌందర్యమొక్కటే కారణమనుట తొందరపాటు. 2008లో మానవజాతికి, శత్రువు వేసిన బంధమును క్షణములో తెంచుకొను శక్తి నొకదానిని అనుగ్రహించిన పిమ్మట, అంతవరకు మానవులను చప్పిడివారని ఈసడించిన పోరుప్రియులు పలువురు జాతి మార్చుకొని మానవులైరి. అయినను పోరుతో పని లేనివారు సైతము అధికసంఖ్యలో అందగాండ్రనే ఎన్నుకొనుచున్నారనుట కాదనరాని సత్యము. వికృతాకారులే మెండుగ నున్న హోర్డు పక్షమునకు 2007లో బ్లడ్ ఎల్ఫులను చేర్చినపుడు, ఆ పక్షపు జనసంఖ్య ఇట్టే పెరిగిపోయెను.

ఇచ్చట తెలుగువాని కొక సందేహము కలుగక మానదు. మన రంగస్థలమున, వెండితెరపైన రాక్షసునకు ఎన్నడు తక్కువైనది? 1957 నాటి ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుని ముందు అభిమన్యుని ఎవరు జ్ఞాపకముంచుకొనిరి? కృష్ణునిగ, రామునిగ ఇంటింట పటములకెక్కిన ఎన్.టి. రామారావుగారు 1958లో ‘భూకైలాస్’ నందును, 1961లో ‘సీతారామ కల్యాణం’ నందును రావణవేషమును కోరి ధరించిరి; 1977లో ‘దానవీరశూరకర్ణ’ యందు కృష్ణునితోను కర్ణునితోను పాటు దుర్యోధనుని కూడ తామే పోషించిరి. హైదరాబాదునందలి ఓగర్‌హెడ్ స్టూడియోవారు 2017లో తమ ఆటకు ‘అసుర’ అని పేరు పెట్టి, అసురునే నాయకుని చేసినపుడు, తెలిసియో తెలియకయో, ఈ సంప్రదాయమునే అనుసరించిరి. మరి అసురులపై ఇంత మమకారముగల మన పిల్లలు సైతము ఊహాలోకమున అడుగిడగానే పొడవుచెవుల సుందరులు కానేల?

నాకు తోచిన సమాధానమిది. నాటకమున రాక్షసుడు పరుడు. మూడు గంటలసేపు అతని అట్టహాసమును చూచి ఆనందించి, మనము మనముగనే ఇంటికి వచ్చెదము. ఆటలోనన్ననో ఆ దేహము తనది. ఒక్కరాత్రి కాదు, ఏండ్లతరబడి అహరహము ఆ వీపునే చూచుచు నడువవలెను. అంగడిలో క్రొత్త కవచమును కొని తొడిగినపుడు అది తనకు ఎట్లు అమరినదో చూచి మురియవలెను. చూడముచ్చటయైన రాక్షసుడు వేరు, ఉండముచ్చటయైన రాక్షసుడు వేరు. కావున అందగాండ్రను ఎన్నుకొనువారిని ఆక్షేపింప నేను పూనుకొనుట లేదు. ఆ ఎన్నికల నుండి ఆట నిర్మించువారు తీయు పర్యవసానమే నాకు రుచింపదు.

నిర్మాతల కష్టము కూడ తెలిసికొనవలసినదే. ఒక క్రొత్త శిరస్త్రాణమును ఆటలో ప్రవేశపెట్టవలెనన్న, దానిని ఎన్ని జాతులున్నవో అన్ని తలలకు, ఆడుమగల కిరువురకు, వేరువేరుగ దిద్దవలెను. జపానునకు చెందిన ‘ఫైనల్ ఫాంటసీ 14’ ఆటలో 2019 నందు సింహముఖులైన హ్రోత్‌గార్లును, కుందేటి చెవుల వియెరాలును చేరినపుడు, వారు ధరించిన టోపీలలో చాల భాగము తలపై కనబడనే లేదు. అంతేకాదు, హ్రోత్‌గార్లలో పురుషులను, వియెరాలలో స్త్రీలను మాత్రమే మొదట ప్రవేశపెట్టిరి. వియెరా పురుషుడు 2021 వరకును, హ్రోత్‌గార్ స్త్రీ 2024 వరకును వేచియుండిరి. ఇది శ్రమకును సొమ్మునకును సంబంధించిన చిక్కు. దీనిని నేను తప్పుపట్టను.

కథకు వచ్చునప్పటికి చిక్కు వేరు. వార్‌క్రాఫ్ట్ లోకమున మరుగుజ్జు గ్నోముల రాజధాని గ్నోమరెగాను. ఆట ఆరంభించిన నాటికే అది శత్రువుల పాలై విషవాయువులతో నిండియున్నది, ఆ జాతివారందరు పొరుగు డ్వార్ఫుల కొండలో తలదాచుకొనుచున్నారు. ఆరేండ్ల తరువాత, 2010లో, దానిని మరల గెలుచుకొను దండయాత్ర యొకటి నడిచెను. చివరకు వారికి దక్కినది పైభాగమున నున్న కొంత మేర మాత్రమే. ఆ యేటనే చేరిన తోడేలు జాతివారైన వోర్గెన్ల కథ మరింత దయనీయము. వారి గిల్నియసు రాజ్యము పతనమగుటతోనే వారి ప్రథమ క్వెస్టులు ముగియును. ఆ రాజ్యము తిరిగి చేజిక్కుటకు 2024 జనవరి దాక, అనగా పదుమూడేండ్లు, పట్టినది. బడిలో చేరిననాడు ఈ పాత్రను సృష్టించుకొన్న బాలుడు పదవ తరగతి, ఇంటరు ముగించి, ఉద్యోగార్థియై మదరాసు రైలెక్కునంతటి కాలము! జనాదరణ గల జాతియైనచో ఇంతటి జాప్యము జరిగెడిది కాదని ఆటగాండ్రు నిష్ఠురములాడుదురు. నాకును అట్లే తోచును గాని, న్యాయము కొరకు ఒక మాట చెప్పవలెను: అందగాండ్రైన బ్లడ్ ఎల్ఫుల సిల్వర్‌మూన్ నగరము కూడ 2007లో ఎట్లు కట్టిరో అట్లే చిరకాలము పడియుండెను, దాని పునర్నిర్మాణమును సంస్థవారు ప్రకటించినది 2025లో మాత్రమే. లోపము సర్వవ్యాప్తము, అది బలహీనుని ఎక్కువగ తాకినది, అంతే.

ఆలస్యమైన కథయైన మేలు. అసలే రాని కథలు, వచ్చి పోయిన కథలు ఇంకొక తెగ. 2013లో ‘వార్‌లార్డ్స్ ఆఫ్ డ్రెనోర్’ భాగమును ప్రకటించినపుడు ఫారలోన్ అను ద్వీపమును, కరబోర్, బ్లేడ్‌స్పైర్ అను రెండు పక్షరాజధానులను వాగ్దానము చేసిరి. మరుసటి యేడు నవంబరులో భాగము వెలువడునప్పటికి ద్వీపము లేదు, రాజధానుల బదులు వేరొకచోట చిన్న విడిదులు వెలసినవి. ఆ ద్వీపమున ఏ క్వెస్టులుండెడివో, ఏ వృద్ధుడు ఏ కథ చెప్పెడివాడో, వాని చిత్తుప్రతులు సంస్థవారి పెట్టెలలో నుండవచ్చును, చెరిపివేయబడియు నుండవచ్చును. 2010లో ‘కెటక్లిజం’ అను ప్రళయమును తెచ్చి పాత భూఖండములను పునర్రచించినపుడు, అంతకుముందున్న క్వెస్టులు వందలకొలది అదృశ్యమైనవి. వానిపై మమకారము చావని అభిమానులు అనుమతి లేకయే పాత ఆటను నడిపిరి, 2016లో అట్టి ‘నాస్టల్‌రియస్’ను మూయించినపుడు రెండు లక్షలకు పైగా జనులు విన్నపముపై సంతకములు చేసిరి, ఎట్టకేలకు 2019 ఆగస్టులో సంస్థయే పాత ఆటను ‘క్లాసిక్’ అను పేర మరల తెరచెను. చదువరులు లేరని అటకెక్కించిన గ్రంథమునకు చదువరులు ద్వారము కడ బారులు తీరిరన్నమాట.

కథను విడిచివేయుట కవికి గల హక్కు కాదా యని ఎవరైన అడుగవచ్చును. నిశ్చయముగ హక్కే. ఈ మాట నెల్లూరువారికి ఎవరును నేర్పనక్కరలేదు. తిక్కన సోమయాజి భీష్మపర్వమున భగవద్గీతను కొలదిపాటి పద్యములకు కుదించెను. మనుమసిద్ధికి అంకితమిచ్చిన నిర్వచనోత్తర రామాయణమున శ్రీరామ నిర్యాణకథను చెప్పకయే విరమించెను. ఏల విరమించెనో పండితులు పలువిధముల ఊహించిరి. రాముని నిర్యాణమును చెప్పుటకు ఆ భక్తునికి మనసొప్పలేదన్నది ప్రసిద్ధమైన వాదము. కాని ఆయన విడిచినందువలన ఆ కథ లోకమునుండి పోలేదు. మూలమైన వాల్మీకి రామాయణము అందరి ఎదుటను ఉన్నది. అందుచేతనే జయంతి రామభట్టు పిమ్మట ఆ కొరతను పూరింపగలిగెను. నన్నయ అరణ్యపర్వము నడుమ ఆగిపోయిన తావున ఎఱ్ఱన అందుకొని, నన్నయ పలుకుబడికి దగ్గరగ నడచి, ఆ పూరణమును రాజరాజనరేంద్రునికే అంకితము చేసి, మూడు వందల యేండ్ల వెలితిని పూడ్చుట అందరెరిగినదే. విడిచినదేమో తెలియుట వలననే పూరించుట సాధ్యమైనది. ఎంత విడిచెనో తెలియుట వలననే తిక్కన ఔచిత్యమును నేటికిని మనము కొనియాడగలుగుచున్నాము.

ఆటలయందు ఈ రెండును లేవు. మూలగ్రంథము సంస్థవారి పేటికలోనే యున్నది. ఉద్యోగి వ్రాసినది యజమాని సొత్తని మన 1957 నాటి కాపీరైటు చట్టము కూడ చెప్పుచున్నది. సర్వరు ఆపిననాడు ఆ ప్రపంచము సమస్తము అస్తమించును. ‘స్టార్ వార్స్ గెలాక్సీస్’ 2011 డిసెంబరులోను, ‘సిటీ ఆఫ్ హీరోస్’ 2012 నవంబరులోను అట్లే ఆగిపోయినవి. 2024 మార్చిలో ‘ది క్రూ’ అను కార్ల పందెపుటాటను యూబిసాఫ్ట్ సంస్థ నిలిపివేయగా, డబ్బు పెట్టి కొన్నవారు ఊరకుండక ఐరోపా పౌరుల విన్నపమునొకదానిని లేవదీసిరి. 2025 జూలైలో దానిపై సంతకములు పది లక్షలు దాటినవి. వారు కోరునది సర్వరును సంస్థ శాశ్వతముగ నడుపవలెనని కాదు. మూసివేయునపుడు ఆటను ఆడదగిన స్థితిలో విడిచిపెట్టవలెనని మాత్రమే.

నేను కోరునది అంతకంటెను స్వల్పము. ఏ జాతికి క్రొత్త నగరమును కట్టవలెనో, ఏ జాతిని అనాథగ విడువవలెనో, జనాదరణను చూచి నిర్ణయించుకొను స్వేచ్ఛ వ్యాపారులకుండనిండు. ఏ కథ చెప్పబడవలెనను విషయమున సంఖ్య మాట చెల్లుగాక. ఏ కథ మిగులవలెనను విషయమున దానికి అధికారమీయరాదు. విడిచిన క్వెస్టుల పాఠములను, పటములను, సంభాషణలను నియతకాలము గడచిన పిమ్మట ఒక గ్రంథాలయమున దాఖలు చేయుటకు వారికి పోవునదేమియు లేదు. అట్టి యేర్పాటు మన దేశమునకు క్రొత్త కాదు. 1954 నాటి గ్రంథప్రదాన చట్టము ప్రకారము ప్రతి ప్రకాశకుడును తన గ్రంథపు ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మదరాసు కన్నెమరా మొదలైన మరి మూడింటికిని తన ఖర్చుతో పంపవలెను. రెండేండ్ల తరువాత పత్రికలను కూడ ఆ చట్టమున చేర్చిరి. లక్షల పదములతో కథ చెప్పు ఆట మాత్రము నేటికిని అందు చేరలేదు.

మైసూరునుండి తరలివచ్చి 2020 జనవరిలో వెంకటాచలమున ప్రారంభమైన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రమునకును, ఇదే మండలమున కాకుటూరునందున్న విక్రమ సింహపురి విశ్వవిద్యాలయమునకును ఇందు పనియేమున్నదని కొందరు నవ్వవచ్చును. పాఠాంతరములను పోల్చుట, లుప్తభాగములను గుర్తించుట, ప్రక్షిప్తములను వేరుచేయుట అను విద్య పండితులయొద్ద నున్నది. ఏ నెల ఆటలో ఏ మార్పు జరిగినదో వ్రాసిపెట్టుకొన్న శ్రద్ధ కుర్రవాండ్రయొద్ద నున్నది. ఈ ఇరువురును ఒక్క బల్ల చుట్టు కూర్చొని ఎరుగరు. హైదరాబాదున ఆటలు నిర్మించువారు తమ చిత్తుప్రతులను, విడిచిన ఘట్టములను ఇట్టి సంస్థకు ఒప్పగించుటకు చట్టము వచ్చుదాక ఆగనక్కరలేదు. 1954 చట్టమునకు సవరణ తెచ్చుట మాత్రము పార్లమెంటు పని. మన సీమనుండి ఢిల్లీకి వెళ్లిన సభ్యులు రానున్న సమావేశములలో ఈ ప్రశ్నను సభాముఖమున లేవనెత్తవలెనని, పత్రికాపాఠకులు వారికి ఒక ఉత్తరము ముక్కయైన వ్రాసి ఈ సంగతి గుర్తుచేయవలెనని నా మనవి.