జవారిష్‌తో తగ్గని అజీర్ణం

కడుపు ఉబ్బరిస్తే మన ఇళ్ళలో ముందుగా జవారిష్ కమూనీ డబ్బా తీస్తారు. దావత్‌లో బిర్యానీ ఎక్కువైన రోజున అది మంచి మందే. కానీ అదే డబ్బాను నెలల తరబడి తెప్పించుకుంటూ ఉంటే అది వైద్యం కాదు, కాలయాపన. చీటీ లేకుండా గ్యాస్ మాత్రలు కొని మింగేవారికీ ఈ మాటే చెప్పాలి.

మేదాకు, అంటే జీర్ణాశయానికి వచ్చే క్యాన్సర్ మొదట్లో అజీర్ణంలాగే ఉంటుంది. కొంచెం తినగానే కడుపు నిండినట్లుంటుంది, పైకడుపులో మంట, ఆకలి మందగిస్తుంది. గ్యాస్ మాత్రలతో ఆ మంట కొన్నాళ్ళు తగ్గవచ్చు కూడా. లోపలి జబ్బు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. చెన్నై క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కల్లో మగవారి క్యాన్సర్లలో ఇది ఏళ్ళ తరబడి ముందు వరుసలో ఉంది.

యునానీలో క్యాన్సర్‌ను సరతాన్ అంటారు, అంటే ఎండ్రకాయ. నాడి చూసి దీన్ని తేల్చటం ఎవరి తరమూ కాదు. ఎండోస్కోపీ చేసి, అనుమానమున్న చోట చిన్న ముక్క తీసి పరీక్షించాలి. అది కొద్ది నిమిషాల పని. జబ్బు పైపొరల్లో ఉండగానే దొరికితే కొందరికి ఎండోస్కోపీతోనే తీసేయవచ్చు. జపాన్‌లో అలా తొలిదశలో దొరికినవారిలో నూటికి 90 మందికి పైగా అయిదేళ్ళు దాటి బతుకుతున్నారు. ముదిరితే పెద్ద ఆపరేషన్, కీమోథెరపీ తప్పవు.

దీనికి ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మక్రిమి. దాన్ని కనుగొన్న మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. పరీక్షలో ఆ క్రిమి ఉన్నట్లు తేలితే డాక్టరు సాధారణంగా రెండు వారాలకు యాంటీబయాటిక్ మందులు రాస్తారు. మధ్యలో మానకూడదు. పొగాకు, ఉప్పు చేపలు, అతి ఉప్పు పచ్చళ్ళు కూడా ప్రమాదాన్ని పెంచుతాయి.

హకీం సాహెబ్ ఎండోస్కోపీకి పంపితే ఆయనకు మందు తెలియదని అనుకోకండి. తన హద్దు తెలిసిన హకీమే మంచి హకీం. కీమో నడుస్తున్నప్పుడు ఏ మాజూన్, ఏ మూలిక వాడాలన్నా ముందు క్యాన్సర్ డాక్టరుకు చెప్పాలి. కొన్ని మూలికలు ఆ మందుల పనిని చెడగొడతాయి.

45 ఏళ్ళు దాటాక కొత్తగా మొదలైన అజీర్ణం రెండు మూడు వారాల్లో తగ్గకపోతే పరీక్ష చేయించండి. బరువు తగ్గటం, నల్లటి మలం, రక్తపు వాంతి, ముద్ద దిగకపోవటం ఉంటే ఏ వయసువారైనా ఒక్క వారం కూడా ఆగవద్దు. ఇంట్లో అమ్మీ కడుపునొప్పిని నలుగురిలో చెప్పుకోరు. మీరే అడగండి, మీరే తీసుకెళ్ళండి.