పంచాంగ పదాలకు పెద్దబడి అక్షరం

తెలుగు లిపిలో గాని దేవనాగరిలో గాని పెద్దబడి, చిన్నబడి అనే అక్షరభేదం లేదు. అందువల్ల మన పరిశోధకులలో పలువురు ఆంగ్లంలో వ్యాససంగ్రహం వ్రాసేటప్పుడు పంచాంగ పదాలకు పెద్దబడి అక్షరాన్ని నియమానుసారం కాక గౌరవసూచకంగా వాడుతున్నారు. తిథి, పక్షం, ఋతువు అన్నీ పెద్దబడితోనే మొదలవుతాయి. చైత్రం మాత్రం ఒక్కొక్కప్పుడు చిన్నబడికి దిగుతుంది.

ఆంగ్లంలో వారాలకు, నెలలకు, పండుగలకు పెద్దబడి, ఋతువులకు చిన్నబడి. ఫ్రెంచివారు వారాలను, నెలలను సైతం చిన్నబడితోనే వ్రాస్తారు. కనుక ఇది ఆయా భాషల సంప్రదాయమే గాని సార్వత్రిక న్యాయం కాదు. అయినా మాసాల విషయంలో ఆంగ్ల నియమం మన వ్యాకరణానికి విరుద్ధం కాదు. పాణినీయులు చైత్రాది శబ్దాలను పౌర్ణమినాటి నక్షత్రాన్ని బట్టి ఏర్పడిన సంజ్ఞలుగానే సాధించారు. సంజ్ఞకు పెద్దబడి ఇవ్వడానికి సందేహమెందుకు? ప్రభవాది సంవత్సరనామాలకూ ఇదే వర్తిస్తుంది. (‘మన్మథ’ అన్నది సంవత్సరమో మదనుడో ఆ అక్షరం చెప్పలేదన్నది వేరే మాట.) ఏకాదశి ప్రతి పక్షంలోనూ వచ్చేదే, దానికి చిన్నబడి చాలు, వైకుంఠ ఏకాదశి పర్వనామం గనుక పెద్దబడికి అర్హం. వసంతాదుల విషయంలో వాదానికి తావుంది. ఆంగ్లంలో స్ప్రింగ్‌కు లేని గౌరవాన్ని వసంతానికి కోరనక్కరలేదని నా అభిప్రాయం.

అసలు చిక్కు ‘అధిక’ శబ్దంతో. గోదావరిలో మంజీర, హరిద్ర కలిసే కందకుర్తిలో 2015 జూలై 14 నుండి 25 వరకు పుష్కరాలు జరిగాయి. ఆరంభం అధిక ఆషాఢ కృష్ణపక్షంలో, ముగింపు నిజ ఆషాఢ శుక్లపక్షంలో. అధిక, నిజ శబ్దాలను కేవల విశేషణాలుగా భావించి చిన్నబడిలో వ్రాసి, ఆపై సంక్షేపంలో వదిలివేస్తే ఆషాఢ కృష్ణం ముందు, ఆషాఢ శుక్లం తరువాత వచ్చినట్లవుతుంది. అమాంత మానం పాటించే మనకు అది తలక్రిందులు. పూర్ణిమాంత మానానికి అలవాటుపడిన ఔత్తరాహ పాఠకునికి అదే సహజక్రమం. పొరపాటు జరిగిందన్న అనుమానమైనా అతనికి కలుగదు. కాబట్టి ఆ రెండు శబ్దాలను మాసనామంలో భాగాలుగా గ్రహించి పెద్దబడితోనే వ్రాయాలి.

పుష్కర శబ్దం ఒంటరిగా ఉన్నప్పుడు సామాన్యనామం, గోదావరితో కలిసినప్పుడు సంజ్ఞ. గోదావరికి మళ్ళీ పుష్కరాలు 2027లో. ఆ సందర్భంగా ఆంగ్లంలో ప్రత్యేక సంచికలు వెలువరించదలచిన సంపాదకులు ఇటువంటి పదాల పట్టికను ఇప్పుడే సిద్ధం చేసి రచయితలకు పంపడం మంచిది.