లెక్క కూడా అమానతే

వక్ఫ్ ఆస్తుల ఆక్రమణ గురించి మనం ఎంతో మాట్లాడుకున్నాం. ఆ ఆస్తుల లెక్కల్లో దొర్లే అబద్ధాల గురించి మాట్లాడుకున్నది తక్కువ. పొలం ఆక్రమిస్తే ఊరందరికీ కనిపిస్తుంది. కాగితం మీద కౌలు తగ్గించి చూపితే ఎవరికీ కనిపించదు. నష్టపోయేది మాత్రం ఆ పేదలే.

1995 నాటి వక్ఫ్ చట్టం 46వ సెక్షన్ ప్రకారం ప్రతి ముతవల్లీ మార్చి 31తో ముగిసే ఏడాది జమాఖర్చులను వక్ఫ్ బోర్డుకు సమర్పించాలి. అబద్ధమని తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే 61వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, జరిమానా కూడా. అయినా బోర్డుకు కట్టవలసిన వాటా తగ్గించుకోవడానికి ఆదాయం తక్కువ రాయడాన్ని కొందరు చిన్న సర్దుబాటుగా భావిస్తారు. ఐదు వేలు అద్దె వచ్చే దుకాణానికి వెయ్యి అని రాస్తే, మాయమైన నాలుగు వేలు ఒక వితంతువు పింఛను, ఒక బిడ్డ చదువు. చట్టం దృష్టిలో అది నేరం. దీన్ దృష్టిలో ఖియానత్.

అయితే అబద్ధం వేరు, అశక్తత వేరు. 2025 సవరణ తరువాత లెక్కలు సమర్పించకపోయినా ఆరు నెలల వరకు జైలు, ఇరవై వేలకు తగ్గకుండా లక్ష వరకు జరిమానా. మన రాజంపేట చుట్టుపక్కల పల్లెల్లో వాన పడితేనే కౌలు వచ్చే మెట్ట పొలాన్ని, ఒక ఖబరస్తాన్‌ను చూసుకునే వృద్ధ ముతవల్లీకి ఆడిటరూ తెలియడు, కంప్యూటరూ తెలియదు. అతణ్ణి దొంగ లెక్కలవాడితో ఒకే గాటన కట్టడం న్యాయమా?

సత్యం కంప్యూటర్స్‌ను గుర్తు చేసుకోండి. నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివి ఉన్నట్టు చూపామని 2009 జనవరి 7న రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ కోర్టు ఏడేళ్ల శిక్ష విధించింది. మరుసటి నెలలోనే పై కోర్టు ఆ శిక్షను నిలిపివేసి బెయిలు ఇచ్చింది. బెయిలు ఆయన హక్కే కావచ్చు. కానీ అంతటి న్యాయవాదులను పెట్టుకునే స్తోమత పల్లె ముతవల్లీకి ఎక్కడిది?

కాబట్టి ప్రభుత్వాన్ని కోరేది ఇది: ముందు నేర్పండి, తరువాత నోటీసు ఇవ్వండి, తెలిసి అబద్ధమాడినవాణ్ణి మాత్రం వదలకండి. మన జమాతులను కోరేది ఇది: ప్రతి అద్దెకూ రసీదు రాయండి; ఏటా ఏప్రిల్‌లో ఒక జుమా తరువాత జమాఖర్చులు చదివి, మసీదు గోడకు అంటించండి. ఉద్యోగ జీవితమంతా దస్త్రాలతో గడిపినవాడిగా చెబుతున్నాను, పదిమంది చూసే కాగితంలో అబద్ధం రాయడానికి చేయి వణుకుతుంది.

ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్, బఖరా 282, అప్పును సాక్షుల ఎదుట రాసిపెట్టుకోమనే ఆదేశం. నమాజు నేర్పిన గ్రంథమే లెక్క రాయడమూ నేర్పింది. వక్ఫ్‌ను కాపాడాలని వీధిలో అడిగే మనం, దాని ఖాతా పుస్తకాన్ని మసీదులో తెరిచి చూపగలగాలి.