హెచ్‌ఐవీకి రోజూ మాత్రా? రెండు నెలలకో ఇంజెక్షనా? ఏది బెటర్?

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు రోజూ మాత్ర మింగే పని తప్పినట్టేనా? అంత తొందర వద్దు. ఏఆర్‌టీ కేంద్రాల్లో ఫ్రీగా ఇచ్చే టీఎల్‌డీ మాత్ర రోజుకు ఒక్కటే. పాత ఎఫావిరెంజ్‌తో వచ్చే కళ్లు తిరగడం, పీడకలలు దీంతో తక్కువ. కొందరు బరువు పెరుగుతారు.

కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ ఇంజెక్షన్లయితే రెండు నెలలకోసారి చాలు. మందుల డబ్బా ఎవరి కంటా పడకూడదనుకునే వాళ్లకు ఇది పెద్ద ఊరటే. 2025 జులైలో డబ్ల్యూహెచ్‌ఓ కూడా ఓకే చెప్పింది. అయితే వైరస్ ఇప్పటికే అదుపులో ఉండి, హెపటైటిస్-బీ లేనివాళ్లకే. టీఎల్‌డీ మాత్రం హెపటైటిస్-బీ మీదా పనిచేస్తుంది. ఇంజెక్షన్ వస్తుంది కదా అని ఇప్పుడే మాత్ర ఆపేస్తే మొదటికే మోసం.

అసలు చిక్కు తేదీ తప్పితేనే. మందు ఒంట్లో నెలల తరబడి కొద్దికొద్దిగా మిగిలి, వైరస్ మందుకు లొంగకుండా మొండికేయొచ్చు. పైగా రిల్పివిరిన్‌ను ఫ్రిజ్‌లోనే దాచాలి, సూది నర్సే వేయాలి.